సిక్స్‌కిల్లర్: ఇంటిపేరు మార్చుకోని ఆటగాడు



మన ఇంటిపేరు వినగానే కొందరికి నవ్వొస్తుంది. అమెరికాలోనూ అంతే. అక్కడి చెరోకీ ఆదివాసీ ఒకాయన కథ చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఆయన పేరు సన్నీ సిక్స్‌కిల్లర్. ఆ ఇంటిపేరుకి అర్థం 'ఆరుగురిని చంపినవాడు' అని. 1951లో ఓక్లహోమా రాష్ట్రంలోని తాలెక్వాలో పుట్టాడు. అది చెరోకీల రాజధాని. అయితే వాళ్ల సొంత నేల అది కాదు. 1838-39లో అమెరికా సైన్యం చెరోకీలను తూర్పు కొండల నుంచి వెళ్లగొట్టి అక్కడికి నడిపించింది. దారిలో వేలమంది చనిపోయారు. నిర్వాసితులంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా.

సన్నీ చిన్నప్పుడే వాళ్ల కుటుంబం ఓరెగాన్‌లోని ఆష్లాండ్‌కి వలసపోయింది. అక్కడి నుంచి ఆటతో వాషింగ్టన్ యూనివర్సిటీకి చేరాడు. అమెరికన్ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ లాంటిది కాదు, బంతిని చేత్తో విసురుతారు. ఎవరికి ఎప్పుడు విసరాలో క్షణాల్లో తేల్చేవాడే క్వార్టర్‌బ్యాక్. జట్టుకి మెదడు అన్నమాట. సన్నీ ఆడింది ఆ స్థానంలోనే, 6వ నంబర్ చొక్కాతో.

1969లో ఆ జట్టు 10 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. 1970లో సన్నీ దిగాక 6 గెలిచింది. ఆ తర్వాత రెండేళ్లూ ఎనిమిదేసి గెలిచింది. 1971 అక్టోబర్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన ఫోటో వేసింది. కానీ విలేకరులు ఆట గురించి రాస్తూనే ఆ ఇంటిపేరు పట్టుకుని యుద్ధాలు, వేటలు అంటూ చమత్కారాలు చేసేవాళ్లు. పేరు మాత్రం ఆయన మార్చుకోలేదు.

ఇంత పేరొచ్చినా 1973లో ఎన్.ఎఫ్.ఎల్. డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఆయన్ని ఎంచుకోలేదు. కొత్తగా పెట్టిన వరల్డ్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడాడు. అదీ 1975లో సీజన్ మధ్యలోనే మూతపడింది. 1974లో వచ్చిన 'ది లాంగెస్ట్ యార్డ్' సినిమాలో చిన్న వేషం వేశాడు.

అక్కడితో ఆగిపోలేదు. సియాటెల్‌లో స్థిరపడి వ్యాపార రంగంలోకి, స్పోర్ట్స్ మార్కెటింగ్‌లోకి వెళ్లాడు. ఆటల ప్రసారాలకి ప్రకటనలు, జట్లకి స్పాన్సర్లు తెచ్చే పని అది. తను ఆడిన యూనివర్సిటీ మ్యాచ్‌లకే టీవీలో వ్యాఖ్యాతగానూ చేశాడు. ఇలాంటి పనిలో అవతలివాళ్లు తలుపు తీయాలంటే ముందు పేరు గుర్తుండాలి. నవ్వులపాలైన ఆ పేరు సియాటెల్‌లో మర్చిపోయినవాళ్లు తక్కువ.

కాలేజీ మైదానంలో ఆయన ఆడింది మూడేళ్లే. బతుకుతెరువు మాత్రం దశాబ్దాల పని. మన పిల్లల్లో కబడ్డీ, విలువిద్య, పరుగుల్లో దిట్టలున్నారు. చప్పట్లు కొట్టేవాళ్లం చాలామందిమే ఉన్నాం. ఆట ఆగిపోయిన మర్నాడు వాళ్లకి ఏ పని చేతిలో ఉంటుందో అడిగేవాళ్లం ఎంతమందిమి? మీ ఊళ్లో అలాంటి ఆటగాళ్లుంటే వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో కింద రాయండి.