మెట్ట ప్రాంత దివ్యాంగులకు బ్యాటరీ ట్రైసైకిళ్లు: అర్హత, వినియోగం, నిర్వహణ

(ప్రత్యేక వ్యాసం)

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు శాసనసభా నియోజకవర్గాలలో అధిక భాగం మెట్ట ప్రాంతం. ఉదయగిరి నియోజకవర్గంలో జలదంకి, సీతారామపురం, ఉదయగిరి, వరికుంటపాడు, వింజమూరు, దుత్తలూరు, కలిగిరి, కొండాపురం మండలాలు ఉన్నాయి. ఆత్మకూరు నియోజకవర్గంలో చేజర్ల, ఆత్మకూరు, అనుమసముద్రంపేట, మర్రిపాడు, సంగం, అనంతసాగరం మండలాలు ఉన్నాయి. వెలికొండల సమీపంలోని గ్రామాలలో ఎత్తుపల్లాల దారులు, దూరదూరంగా ఉండే ఊళ్లు సర్వసాధారణం. ఉదయగిరి నుంచి జిల్లా కేంద్రానికి దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణం.

ఇటువంటి ప్రాంతంలో నడవలేని వ్యక్తికి ఆసుపత్రి, బ్యాంకు, రేషను దుకాణం, మండల కార్యాలయం ఇవన్నీ మరొకరి సాయంపై ఆధారపడిన విషయాలే. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి ఈ పరాధీనతను చాలా వరకు తొలగించగలదు. అయితే శిబిరంలో వాహనాన్ని అందజేసిన నాటితో ఆ ప్రయోజనం సిద్ధించదు. వ్యక్తికి తగిన పరికరం ఎంపిక, క్రమబద్ధమైన ఛార్జింగు, అందుబాటులో మరమ్మతు, గమ్యస్థానంలో ర్యాంపు అనే నాలుగు అంశాలు సమకూరినప్పుడే వాహనం నిత్యజీవితంలో ఉపయోగపడుతుంది.

ఫ్లోరైడు నేపథ్యం

మన దేశంలో తాగునీటిలోని ఫ్లోరైడు వలన కలిగే ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్య పరిశోధకులు తొలిసారిగా 1937లో నమోదు చేశారు. నాటి మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న నెల్లూరు జిల్లాలోని గ్రామాలే ఆ పరిశీలనకు ఆధారం. భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో తొలుత పళ్లు గారపట్టడం, క్రమేణా వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోవడం సంభవిస్తాయి. వ్యాధి ముదిరితే వెన్నుపాముపై ఒత్తిడి పెరిగి కాళ్లు, చేతులు పట్టు కోల్పోతాయి.

వాహనం ఎంపికలో ఈ విషయం కీలకమైనది. చేతితో తిప్పే ట్రైసైకిలు నడపాలంటే భుజాలు, మోచేతులు బలంగా ఉండాలి. కీళ్లు బిగుసుకుపోయిన వ్యక్తికి అది ఉపకరించదు. బాల్యంలో పోలియో సోకి, దశాబ్దాలుగా చేతి ట్రైసైకిలు తొక్కిన వారి భుజాలు కూడా వయసుతో పాటు అరిగిపోతాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. కనుక పోలియో బాధితులలో అత్యధికులు నేడు నడివయసుకు చేరినవారు, చేరుతున్నవారే. చేతి శ్రమ లేని వాహనం వీరందరికీ అవసరం.

ఏ పరికరం ఎవరికి

బ్యాటరీ ట్రైసైకిలు గ్రామ రహదారులపై, సమీప దూరాలకు అనువైనది. దీనిని నడిపే వ్యక్తి కనీసం ఒక చేతితో హ్యాండిలును అదుపు చేయగలగాలి, ఆసరా లేకుండా కూర్చోగలగాలి. నాలుగు అవయవాలూ బలహీనపడిన వారికి చిన్న మీటతో నడిచే బ్యాటరీ చక్రాల కుర్చీ మేలు. అయితే అది చదునైన నేలపై, ఇంటి పరిసరాలలో మాత్రమే చక్కగా పనిచేస్తుంది. రెండు చేతులూ బలంగా ఉండి, ఉద్యోగం లేదా స్వయం ఉపాధి నిమిత్తం రోజూ దూరం వెళ్లేవారికి అదనపు చక్రాలు అమర్చిన పెట్రోలు స్కూటరు తగినది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియోజకవర్గానికి 10 చొప్పున 175 నియోజకవర్గాలకు 1,750 మూడు చక్రాల మోటారు వాహనాల పంపిణీకి 2025లో దరఖాస్తులు ఆహ్వానించింది. ఆ లెక్కన ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల వాటా 20 వాహనాలు. ఇవి బ్యాటరీ ట్రైసైకిళ్లకు భిన్నమైనవి. రెండింటినీ ఒకే పథకంగా పేర్కొనరాదు.

కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం

దివ్యాంగులకు ఉపకరణాల కొనుగోలుకు సహాయం అందించే అడిప్ పథకం 1981 నుంచి అమలులో ఉన్నది. ఉపకరణాలను ప్రధానంగా కాన్పూరులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేస్తున్నది. ఈ సంస్థ 1972లో ఏర్పడింది. బ్యాటరీ ట్రైసైకిలుకు 2014 నాటి నిబంధనలలో 25,000 రూపాయల సబ్సిడీ నిర్ణయించగా, తదుపరి సవరణలో దానిని 50,000 రూపాయలకు పెంచారు. కనీస వయస్సు 16 సంవత్సరాలు. పక్షవాతం, వెన్నుపాము దెబ్బ, కండరాల క్షీణత, మస్తిష్క పక్షవాతం వంటి కారణాలతో మూడు లేదా నాలుగు అవయవాలు, లేదా శరీరంలో ఒక పక్క భాగం తీవ్రంగా దెబ్బతిన్నవారు, అటువంటి స్థితిలోనే ఉన్న ఇతరులు అర్హులు. నెలసరి ఆదాయం 22,500 రూపాయల లోపు ఉన్నవారికి పూర్తి సహాయం, 30,000 రూపాయల వరకు ఉన్నవారికి సగం సహాయం లభిస్తుంది.

వయోవృద్ధుల పథకం దీనికి వేరైనది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 సంవత్సరాలు నిండినవారికి ఉపకరణాలు అందించే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే ప్రారంభమైంది. చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు వంటివి ఆ పథకం కింద వస్తాయి.

ధ్రువపత్రాలు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 1995 నాటి చట్టంలోని 7 వైకల్యాల స్థానంలో ఇది 21 వైకల్యాలను గుర్తించింది. ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ప్రాతిపదిక. ఫ్లోరోసిస్ పేరు ఈ 21 వైకల్యాల జాబితాలో ప్రత్యేకంగా లేదు. దాని వలన ఏర్పడిన చలన వైకల్యాన్నే వైద్యులు శాతాలలో నిర్ధారిస్తారు. కనుక బాధితులు కేవలం వ్యాధి నిర్ధారణ పత్రంతో కాక సదరం ధ్రువపత్రంతో, విశిష్ట దివ్యాంగుల గుర్తింపు కార్డుతో దరఖాస్తు చేసుకోవాలి. వీటితో పాటు ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవాలి.

లైసెన్సు అవసరమా?

ఈ ప్రశ్న లబ్ధిదారులు తరచుగా అడిగేది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం మోటారు సామర్థ్యం 0.25 కిలోవాట్ల కంటె, వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటె తక్కువగా ఉండి, బరువు తదితర నిబంధనలకు లోబడి ఉన్నట్లు అధీకృత పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బ్యాటరీ వాహనం మోటారు వాహనంగా పరిగణింపబడదు. అటువంటి దానికి రిజిస్ట్రేషను గాని, డ్రైవింగ్ లైసెన్సు గాని అక్కరలేదు. అయితే బ్రేకులు, ముందు భాగాన తెల్లని, వెనుక భాగాన ఎర్రని కాంతి పరావర్తకాలు ఉండవలెను. ఆత్మకూరు మీదుగా సాగే 67వ నంబరు జాతీయ రహదారిపై భారీ వాహనాల రద్దీ దృష్ట్యా ఈ నిబంధన ప్రాణరక్షకమని గ్రహించాలి. అదనపు చక్రాలు అమర్చిన పెట్రోలు స్కూటరుకు మాత్రం రిజిస్ట్రేషను, లైసెన్సు రెండూ తప్పనిసరి.

ఛార్జింగు, దూరం

సాధారణంగా ఈ వాహనాలకు 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని జతచేసి 24 వోల్టులు సమకూరుస్తారు. ఉదాహరణకు 30 ఆంపియర్-అవర్ల జత అయితే అందులో నిల్వ ఉండే విద్యుత్తు 0.72 యూనిట్లు. నష్టాలు కలుపుకున్నా ఒకసారి పూర్తి ఛార్జింగుకు సుమారు ఒక యూనిట్ సరిపోతుంది. కావున విద్యుత్ బిల్లు భారం స్వల్పం. అసలు ఖర్చు బ్యాటరీ మార్పిడి వద్దనే ఎదురవుతుంది.

సీసపు బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయ్యే వరకు నడపడం, నెలల తరబడి ఛార్జింగు చేయకుండా ఉంచడం దానిని త్వరగా పాడుచేస్తాయి. వాడినా వాడకపోయినా క్రమం తప్పక ఛార్జింగు చేయాలి. ఎండలో నిలిపిన బండిలో బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది గనుక నెల్లూరు వేసవిలో నీడపట్టున ఉంచాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, ఇసుక లేదా బురద దారిలో, చక్రాలలో గాలి తగ్గినప్పుడు విద్యుత్తు అధికంగా ఖర్చవుతుంది. తయారీదారు చెప్పిన దూరం చదునైన రోడ్డుకు వర్తించేది. వెళ్లినంత దూరం తిరిగి రావాలి కాబట్టి మెట్ట గ్రామాలలో ఆ దూరంలో మూడో వంతు లోపు గమ్యానికే బయలుదేరడం క్షేమం.

నెల్లూరు వంటి దూర ప్రయాణానికి ఈ వాహనం ప్రత్యామ్నాయం కాదు. ఉదయగిరి, ఆత్మకూరులలో ఆర్టీసీ డిపోలు ఉన్నప్పటికీ ట్రైసైకిలును బస్సులో తీసుకువెళ్లడం సాధ్యపడదు. కావున నిర్ధారణ శిబిరాలను, ఉపకరణాల పరీక్షను మండల స్థాయిలో ఏర్పాటు చేయడం లబ్ధిదారులకు నిజమైన సౌలభ్యం.

మరమ్మతు

ఛార్జరు చెడిపోవడం, తీగ తెగడం, కంట్రోలరు పనిచేయకపోవడం, బ్యాటరీ నిలువ శక్తి కోల్పోవడం సాధారణ లోపాలు. పంక్చరు, బ్రేకు తీగ వంటివి ఏ సైకిలు దుకాణంలోనైనా బాగుపడతాయి. మిగిలినవి ఈ-ఆటోలు, విద్యుత్ స్కూటర్లు బాగుచేసే మెకానిక్కులు చేయగలిగినవే. అయితే వారంటీ కాలంలో బయటివారిచేత విప్పించరాదు. పంపిణీ సమయంలో వారంటీ పత్రాన్ని, వాహనం నంబరును లబ్ధిదారు భద్రపరచుకోవాలి. పాత బ్యాటరీని పారవేయక విక్రేతకు తిరిగి ఇవ్వాలి. సీసం నేలలో, నీటిలో కలవడం హానికరం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాటి సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి.

చిన్న లోపంతో మూలపడిన వాహనం వలన లబ్ధిదారు తిరిగి మంచానికే పరిమితమవుతాడు. లెక్కలలో మాత్రం అతడు వాహనం పొందినవాడుగానే ఉంటాడు. కొత్త వాహనానికి మరల అర్హత రావాలంటే ఏళ్ల తరబడి నిరీక్షించాలి.

ర్యాంపులు

ర్యాంపు వాలు 1:12 ఉండవలెనన్నది ప్రమాణం. అనగా 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్లు, మూడు మెట్లకు 540 సెంటీమీటర్ల పొడవు అవసరం. ఇంతకంటె నిటారైన ర్యాంపుపై బండి వెనుకకు ఒరిగే ప్రమాదం ఉన్నది. ప్రజా భవనాలను సుగమం చేసే సుగమ్య భారత్ కార్యక్రమం 2015 డిసెంబరు 3న ప్రారంభమైంది. సుగమ్యత ప్రమాణాలు కేవలం సూచనలుగా కాక తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో స్పష్టం చేసింది.

పరిశీలించవలసిన అంశాలు

పంపిణీ చేసిన వాహనాల సంఖ్య పథకం ప్రగతికి ఒక కొలమానం మాత్రమే. ఆరు నెలల తరువాత ఎన్ని నడుస్తున్నవి, ఎన్ని బ్యాటరీ లేక ఆగినవి, గ్రామంలోని ఆసుపత్రి, బ్యాంకు, సచివాలయాలలో ఎన్నింటిలోకి లబ్ధిదారు బండిపై ప్రవేశించగలుగుతున్నాడు అనేవి అసలు కొలమానాలు. మండల స్థాయిలో ఏడాదికి ఒకసారి మరమ్మతు శిబిరం నిర్వహించి, ఈ వివరాలను నమోదు చేసినట్లయితే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత దివ్యాంగులకు ప్రభుత్వం వెచ్చించిన ధనం సార్థకమవుతుంది.