మురానో గాజు మ్యూజియం

వెనిస్ పక్కనే ఉన్న మురానో దీవిలో 1861లో ఈ మ్యూజియం ఏర్పడింది. ఒకప్పుడు టోర్చెల్లో బిషప్పుల నివాసంగా ఉండి, తరవాత పురపాలక కార్యాలయమైన జుస్టినియన్ భవనం దీనికి నెలవు. పాత వస్తువులు దాచిన చోటుగా మాత్రమే చూస్తే దీని చరిత్ర సగమే అర్థమవుతుంది. విన్‌చెంజో జానెట్టి అనే క్రైస్తవ మతాచార్యుడు దీన్ని ముందుగా పనివాళ్ల కోసం తలపెట్టాడు. 1862లోనే దీనికి అనుబంధంగా బడి తెరిచారు. కొలిమి పని చేసేవాళ్లు అక్కడ పాత పాత్రలను ఎదురుగా పెట్టుకుని బొమ్మ గీయడం నేర్చుకునేవారు.

ఆ అవసరం ఎందుకొచ్చిందో మురానో గతమే చెబుతుంది. నగరంలో అగ్నిప్రమాదాలకు భయపడి వెనిస్ పాలకులు 1291లో గాజు కొలుములను ఈ దీవికి తరలించారు. 15వ శతాబ్దిలో ఆంజెలో బరోవియర్ స్ఫటికంలా తేటైన గాజు సాధించాడు. మెళకువలు కుటుంబాల గుట్టుగానే ఉండిపోయాయి. తండ్రి చేతిని చూసి కొడుకు నేర్చుకోవలసిందే. 1797లో వెనిస్ గణరాజ్యం కూలింది, 1806లో గాజు పనివాళ్ల వృత్తి సంఘం రద్దయింది, బొహీమియా గాజు పోటీ ముదిరింది. కొలుములు చల్లారుతుంటే గుట్టుగా దాచిన విద్యే ముందుగా నష్టపోయింది. ఉదాహరణకు, తెల్లగాజు పోగులు పొదిగిన కడ్డీలను పక్కపక్కనే పేర్చి, వేడిచేసి, ఊదుడు గొట్టం చివరకు చుట్టి, మెలితిప్పుతూ ఊదితే పాత్ర గోడలో మెలితిరిగిన గీతలు తేలతాయి. ఇలాంటి పని నేర్పేవాళ్లు కరువైనప్పుడు, పూర్తయిన పాత్రే గురువు.

మురానో మళ్లీ లేచింది వ్యాపారం వల్లనే, మ్యూజియం వల్ల కాదు అనేవారున్నారు. ఆంటోనియో సాల్వియాటి 1866లో ఇంగ్లిష్ పెట్టుబడితో పెట్టిన కంపెనీ గాజుకు విదేశీ మార్కెట్ తెచ్చిన మాట నిజమే. కానీ కొనేవాళ్లు కోరింది పాత వెనిస్ పనితనాన్ని. గిరాకీ ఎంత పెరిగినా మరిచిన విద్యను అది నేర్పదు. ఇక మురానో పని నకళ్ల తయారీగా మిగిలిందన్న ఆక్షేపణ 19వ శతాబ్దికి కొంత వర్తిస్తుంది. అయితే 1930లలో వెనీని అనే గాజు సంస్థ కోసం కార్లో స్కార్పా ఆ పాత పద్ధతులతోనే పూర్తిగా కొత్త రూపాలు తీర్చాడు. నకలు ఆ విద్యకు తొలి మెట్టే అయింది.

మురానో 1923లో వెనిస్ నగరపాలికలో కలిసింది. అప్పటినుంచి ఈ మ్యూజియం నగర మ్యూజియాలలో ఒకటి. వధూవరుల చిత్రాలను ఎనామెల్‌తో దిద్దిన ముదురు నీలి బరోవియర్ పాత్ర ఇక్కడిదే.