కంప్యూటర్‌తో చదరంగం: ఓపెనింగ్‌లోనే ఫలితం తేలిన గేమ్

1997 మే 11న న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్ ఐబీఎం రూపొందించిన ‘డీప్ బ్లూ’ కంప్యూటర్ చేతిలో 19 ఎత్తుల్లోనే ఓటమిని అంగీకరించారు. ఆరు గేముల పోటీ 3.5-2.5తో యంత్రం వశమైంది. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగల వేగమే ఈ విజయానికి కారణమని చాలామంది భావిస్తారు. అయితే ఆ చివరి గేమ్‌ను నిర్ణయించిన ఎత్తు ఆ వేగం నుంచి పుట్టినది కాదు.

ఓపెనింగ్ పుస్తకం అంటే...

గేమ్ ఆరంభంలోని ఎత్తులను కంప్యూటర్ ప్రతిసారీ కొత్తగా లెక్కించదు. నిపుణులు ముందుగా పొందుపరిచిన ఎత్తుల పట్టికను అనుసరిస్తుంది. దీనినే ఓపెనింగ్ పుస్తకం అంటారు. డీప్ బ్లూ పుస్తకంలో గ్రాండ్‌మాస్టర్లు స్వయంగా చేర్చిన స్థితులు దాదాపు 4,000. వీటికి తోడు సుమారు 7 లక్షల గేముల సమాచారం కూడా యంత్రానికి అందుబాటులో ఉండేది. గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్ ఈ కసరత్తులో ముఖ్యపాత్ర వహించారు.

అందువల్ల కంప్యూటర్‌ను ఎదుర్కొనే ఆటగాడి ముందు రెండు మార్గాలుంటాయి. మొదటిది, అరుదైన ఎత్తులతో యంత్రాన్ని పుస్తకం దాటించడం. రెండవది, ప్రత్యక్ష ఘర్షణ తక్కువగా ఉండి, దీర్ఘకాలిక ప్రణాళికకు ప్రాధాన్యం ఉండే స్థితులను సృష్టించడం. కాస్పరోవ్ ఈ రెండింటినీ ప్రయోగించారు. తొలి గేమ్‌లో గుర్రాన్ని ఎఫ్3కి నడిపి, నెమ్మదైన వ్యూహంతో 45 ఎత్తుల్లో గెలిచారు. మూడో గేమ్‌ను ఉన్నత స్థాయి పోటీల్లో దాదాపు కనిపించని డీ3 ఎత్తుతో ఆరంభించారు. అది డ్రాగా ముగిసింది. రెండో గేమ్‌ను యంత్రం గెలవగా, నాలుగు, ఐదు గేములూ డ్రా అయ్యాయి. ఆ విధంగా ఆరో గేమ్‌కు ముందు స్కోరు 2.5-2.5తో సమంగా నిలిచింది.

ఏడో ఎత్తులో ఏం జరిగింది?

నల్లపావులతో ఆడిన కాస్పరోవ్ కారో-కాన్ రక్షణను ఎంచుకున్నారు. ఆయన పేరు వినగానే గుర్తుకొచ్చే సిసిలియన్ రక్షణతో పోలిస్తే ఇది నిదానమైనది. ఐదో ఎత్తులో తెల్ల గుర్రం జీ5కి చేరింది. సాధారణంగా నల్లపావులు ఏడో ఎత్తులో బిషప్‌ను డీ6కి తెస్తాయి. అప్పుడు ఎఫ్8 గడి ఖాళీ అయి, రాజుకు తప్పుకునే చోటు లభిస్తుంది. ఆ తరువాతే హెచ్6 బంటుతో గుర్రాన్ని బెదిరించడం క్షేమకరం. కాస్పరోవ్ ఈ వరుసను తారుమారు చేసి, ముందే హెచ్6 ఆడారు.

తెల్లపావులు వెంటనే ఈ6 గడిలోని బంటును చంపి, గుర్రాన్ని బలిచ్చాయి. దానిని ఎఫ్7 బంటుతో చంపాక జీ6 గడికి కాపలా లేకుండా పోయింది. తెల్ల బిషప్ అక్కడికి చేరి రాజుకు చెక్ ఇచ్చింది. రాజు డీ8కి జరగడంతో కోట కట్టుకునే అవకాశం పోయింది. ఈ7లోని మంత్రి సొంత బిషప్‌కే దారి మూసింది. చివరకు కాస్పరోవ్ మంత్రిని కూడా వదులుకోవలసి వచ్చింది.

బలి ఎవరి నిర్ణయం?

తక్షణ లాభం కనిపించనిదే యంత్రం పావును బలివ్వదన్నది నాటి అంచనా. సొంతంగా లెక్కించి ఆడే యంత్రం విషయంలో దానికి కొంత ఆధారం ఉంది. కానీ ఆ గుర్రపు బలి పుస్తకంలో ముందే ఉంది. దానిని గేమ్ జరిగిన రోజు ఉదయమే చేర్చినట్లు ఐబీఎం బృందానికి సహకరించిన స్పెయిన్ గ్రాండ్‌మాస్టర్ మిగెల్ ఇలెస్కాస్ 2009లో వెల్లడించారు. అంటే, కాస్పరోవ్ యంత్రం స్వభావాన్ని అంచనా వేశారు. ఎదురైనది మనుషుల ముందస్తు తయారీ. తరువాతి ఎత్తుల్లో ఆ ఆధిక్యాన్ని నిలుపుకున్నది మాత్రం యంత్రపు లెక్కే.

తరువాతి పోటీలు

2002లో బహ్రెయిన్‌లో ‘డీప్ ఫ్రిట్జ్’తో ఆడిన వ్లాదిమిర్ క్రామ్నిక్ తొలి గేమ్‌లో బెర్లిన్ రక్షణతో మంత్రులను ఆరంభంలోనే మార్చుకున్నారు. యంత్రానికి అనుకూలించే దాడులకు తావు తగ్గించే వ్యూహమది. ఆ పోటీ 4-4తో సమమైంది. 2006లో బాన్‌లో, ప్రోగ్రామ్ పుస్తకాన్ని అనుసరిస్తున్నంత సేపు దానిని క్రామ్నిక్ చూడవచ్చని నిబంధన విధించారు. అయినా ఆయన 2-4తో ఓడారు. పుస్తకపు రహస్యం తొలగినా, అప్పటికి యంత్రపు లెక్క మనిషిని మించిపోయింది.

నేడు మనిషి, యంత్రం ఒకే పక్షాన ఉన్నారు. 2024 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గుకేశ్ సహాయక బృందంలో గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నారు. ఇలాంటి బృందాల సన్నాహంలో ఓపెనింగ్‌లను చదరంగ ఇంజిన్లతో పరీక్షించడం ఇప్పుడు తప్పనిసరి. ఇంజిన్ ఏ ఎత్తు మేలైనదో చెబుతుంది. ఎదుటి ఆటగాడు దేనికి సిద్ధపడి వస్తాడో ఊహించి, ఏ ఓపెనింగ్ ఆడాలో తేల్చుకోవలసింది మాత్రం ఇప్పటికీ ఆటగాడే.