సర్కారు తుమ్మ

నౌపడ ఉప్పు మడుల చుట్టూ పెరిగే సర్కారు తుమ్మకు పేరులోనే చరిత్ర ఉంది. అమెరికా ఖండాల చెట్టు ఇది. 1877లో మద్రాసు ప్రభుత్వం కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం నాటించింది.

దాన్ని తినే పురుగులు పుట్టినచోటే ఉండిపోయాయి. మేకలు ఆకు ముట్టవు, తీపి కాయలు తింటాయి. పెంటికల్లో గింజలు ఊరూరా చేరతాయి. ఉప్పు నేలను ఓర్చుకుంటుంది, నరికితే మళ్లీ చిగురిస్తుంది, తన నీడన గడ్డిని బతకనివ్వదు.

కొండల మీద లాంటానాదీ ఇదే కథ. 1809లో కలకత్తా తోటకు అందం కోసం తెచ్చారు. ఇప్పుడది మా పశువుల మేతనూ, దుంపలు తవ్వుకునే తావులనూ కమ్మేస్తోంది.

పోడుతో అడవిని పాడుచేశారన్న నింద మాకు. ఈ మొక్కలను తెచ్చింది మేము కాదు. రేపు మరొకటి తెచ్చేముందు ఆ నేలమీద బతికేవాళ్లను అడగాలి.