విశ్రాంతి వైద్యము, మాటల వైద్యము

ఇంటి చాకిరితోను, బిడ్డల పెంపకముతోను, మంచము పట్టినవారి సేవతోను సొమ్మసిల్లి, నిద్ర పట్టక, కారణము తెలియని భయముతో గుండె దడదడలాడు స్త్రీకి వైద్యమేమి? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1869లో న్యూయార్కు వైద్యుడు జార్జి బియర్డు ఈ అవస్థకు ‘న్యూరస్తీనియా’ అను పేరును ప్రచారములోనికి తెచ్చెను. మనుష్యుని నరములలోని శక్తి బ్యాంకులోని నిలువ వంటిదనియు, రాబడికి మించి ఖర్చు చేసినవారు దివాలా తీయుదురనియు ఆయన భావన. పేరు పుట్టిన వెంటనే రోగులు వేలకొలది బయలుదేరిరి. ఇక చికిత్స కావలసి వచ్చినది.

ఆ చికిత్సను కనిపెట్టినవాడు ఫిలడెల్ఫియా నగరపు సైలాస్ వీర్ మిచెల్. ఆయన సామాన్యుడు కాడు. అమెరికా అంతర్యుద్ధములో క్షతగాత్రులైన సైనికుల నరములను శ్రద్ధగా పరీక్షించి, కోసివేసిన కాలు ఇంకను ఉన్నట్లే నొప్పిపెట్టు వింతను శాస్త్రలోకమునకు వివరించిన మేధావి. 1877లో ఆయన ‘ఫ్యాట్ అండ్ బ్లడ్’ అను గ్రంథమున తన విశ్రాంతి వైద్యమును ప్రకటించెను. రోగి ఆరు వారములు మొదలు రెండు నెలల వరకు మంచము దిగరాదు. భర్తను, తల్లిని, బిడ్డలను చూడరాదు. చదువరాదు, వ్రాయరాదు, సూదియు దారమును పట్టరాదు. తొలినాళ్లలో అన్నము సైతము నర్సు తినిపింపవలసినదే. మొదట పాలు, పిమ్మట పుష్టికరమైన ఆహారము మెండుగా పెట్టుదురు. కదలిక లేని కండరములు క్షీణింపకుండ ఒడలు మర్దించి, విద్యుత్ప్రవాహము నెక్కింతురు.

దీనిని వినగానే నవ్వుకొనుట సులభము. తిండి మాని ఎముకల గూళ్లయిన కొందరు స్త్రీలు ఈ పద్ధతివలన కోలుకొనిన మాట నిజమే. ఇంటిలో ఒక్క దినమైనను నడుము వాల్చనివారికి ఆ మంచమే స్వర్గముగ తోచియుండవచ్చును. కాని ఒక విశేషమును శ్రోతలు గమనింపవలెను. ఇదే మిచెల్ తన యొద్దకు వచ్చిన పురుషులలో కొందరికి వేరొక మార్గము చూపెను. 1885లో ఓవెన్ విస్టర్ అను యువకుడు నరముల దౌర్బల్యముతో రాగా, వ్యోమింగ్‌లోని పశువుల క్షేత్రములకు పంపెను. అతడు గుఱ్ఱములెక్కి, వేటాడి, తాను చూచినదానిని దినచర్యగా వ్రాసికొని, తుదకు 1902లో ‘ది వర్జీనియన్’ అను ప్రసిద్ధ నవలను వెలువరించెను. పురుషునకు పర్వతములు, స్త్రీకి పడకగది!

ఆ పడకగదికి 1887లో చేరిన ఇరువదియారేండ్ల యువతి షార్లెట్ పెర్కిన్స్. (గిల్మన్ అను పేరు తరువాతి వివాహముతో వచ్చినది.) ఆమె చిత్రములు గీయును, వ్యాసములు వ్రాయును. 1885లో కూతురు పుట్టినది మొదలు దుఃఖము ఆమెను వదలలేదు. మిచెల్ ఒక నెల దినములు చికిత్స చేసి, రోగమేమియు లేదని ఇంటికి పంపివేసెను. పంపుచు చేసిన హితవును ఆమెయే తరువాత లోకమునకు తెలిపినది: బిడ్డను ఎల్లవేళల చెంతనే ఉంచుకొనవలెను, బుద్ధికి దినమునకు రెండు గంటలకు మించి పని చెప్పరాదు, కలమును గాని కుంచెను గాని ఇక జన్మలో ముట్టరాదు. ఆమె మూడు నెలలు ఆ ఆజ్ఞను పాలించి, మతి తప్పు స్థితికి వచ్చి, ఆజ్ఞను త్రోసివేసి మరల కలము పట్టినది. 1892లో వెలువడిన ‘ది ఎల్లో వాల్‌పేపర్’ అను కథ ఆ అనుభవపు ఫలమే. కథలోని భర్తయు వైద్యుడే, దుర్మార్గుడు కాడు, ప్రేమగలవాడు. ఆ ప్రేమయే ఆమెను గదిలో బంధించినది. గోడకాగితము మీది అల్లికల వెనుక ఎవరో స్త్రీ చిక్కుకొని యున్నట్లు ఆమెకు కనబడసాగును. రచయిత్రి ఆ కథను మిచెల్‌కు పంపినది. ప్రత్యుత్తరము లేదు. ఆయన తన పద్ధతిని మార్చుకొనెనని ఎవరో చెప్పగా విన్నట్లు ఆమె 1913లో వ్రాసినది గాని, మిచెల్ వ్రాతలలో ఆ మార్పు జాడ కనబడదు.

ఇచట మాకు మన పురిటి ఆచారము జ్ఞప్తికి వచ్చుచున్నది. తెలుగునాట తొలిచూలాలు పుట్టింటికి పోవును. అచటను మంచమే, పథ్యమే. కాని చుట్టును తల్లి, అమ్మమ్మ, పలుకరింప వచ్చు ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఉందురు, మాటలకు లోటులేదు. పుట్టిల్లు అందరికిని సుఖమిచ్చునని మేమనము. అయినను లోపము విశ్రాంతిలో లేదు, నోరు కట్టివేయుటలో ఉన్నదని మా తలంపు.

అమెరికాలో ఈ మౌనవైద్యము సాగుచుండగనే వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అను యువతి తండ్రి రోగశయ్య చెంత రాత్రులు మేల్కొని, మేల్కొని, 1880లో తానే పడిపోయినది. కుడిచేయి స్తంభించినది. మాతృభాషయైన జర్మను నోటికి రాక ఆంగ్లమే పలుకుచుండెను. జోసెఫ్ బ్రాయర్ అను వైద్యుడు సాయంకాలములందు వచ్చి, కూర్చుండి, ఆమె చెప్పునది వినుచుండెను. చెప్పిన కొలదియు ఆమెకు కొంత ఊరట. దీనికి ‘టాకింగ్ క్యూర్’, అనగా మాటల వైద్యము, అని పేరు పెట్టినది వైద్యుడు కాదు, ఆ రోగియే. పొగగొట్టము ఊడ్చుటయనియు ఆమె పరిహాసమాడెడిది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ ప్రకటించిన గ్రంథములో ఆమె ‘అన్నా ఓ.’ అను మారుపేరుతో కనబడును. మాటయే వృత్తిగా గల మాబోంట్లకు ఈ కథ ప్రియమైనదే. కాని అందలి కొఱతను కప్పిపుచ్చరాదు. ఆమె స్వస్థురాలైనట్లు గ్రంథము చెప్పుచుండగా, 1882లో ఆమెను స్విట్జర్లాండులోని ఒక శానిటోరియమున చేర్పించిన సంగతిని హెన్రీ ఎలెన్‌బెర్గర్ 1972లో బయటపెట్టెను. నిజముగ ఆమె నిలద్రొక్కుకొన్నది ఫ్రాంక్‌ఫర్టుకు పోయిన పిమ్మట. అచట అనాథబాలికల ఆశ్రమమును నడిపి, 1904లో యూదు మహిళాసంఘమును స్థాపించి, 1907లో న్యూ ఇజెన్‌బుర్గ్‌లో దిక్కులేని తల్లులకు, బాలికలకు ఇల్లు కట్టించినది.

బియర్డు పెట్టిన పేరు పాతబడి, 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ వ్యాసముతో ‘బర్నవుట్’ అను పేరు ప్రచారమునకు వచ్చినది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఉద్యోగమునకు సంబంధించిన అవస్థగ నిర్వచించి, జీవితములోని ఇతర రంగములకు ఆ మాటను వాడరాదని స్పష్టము చేసినది. గృహిణి అలసటకు ఆ పట్టికలో చోటు లేదన్నమాట!

ఆ చోటును వేరొకరు చూపిరి. పాకిస్తానులోని రావల్పిండి చెంత పల్లెలలో అతీఫ్ రహమాన్ అను వైద్యుడును ఆయన సహచరులును క్రుంగిన గర్భిణీస్త్రీలకై ఒక ప్రయోగము చేసి, ఫలితములను 2008లో ప్రకటించిరి. చికిత్స చేసినవారు మానసిక వైద్యులు కారు, ఉన్నత పాఠశాల చదువు గల గ్రామ ఆరోగ్య కార్యకర్తలు. వారు కొద్దిపాటి శిక్షణ పొంది, ఇంటింటికి పోయి, తల్లి ప్రక్కన కూర్చుండి, ఆమె చింతలను విని, వానిని వేరొక రీతిగ తలపోయుట నేర్పిరి. కుటుంబమువారిని కూడ సాయమునకు పిలిచిరి. కాన్పయిన ఆరు నెలలకు, ఈ సాయము పొందినవారిలో నూటికి 23 మందియు, పొందనివారిలో 53 మందియు క్రుంగుబాటుతో ఉండిరి.