యాకయ్యకో లైను, యాకూబుకో లైను

విమానాశ్రయంలో తనిఖీ అంటే అందరికీ చిరాకే. బెల్టు తియ్యాలి, బూట్లు విప్పాలి, సంచిలోని లాప్‌టాప్ బయట పెట్టాలి, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా చేతిసంచిలో ఉంటే అక్కడే వదిలెయ్యాలి. నెలకు నాలుగుసార్లు విమానమెక్కేవాళ్లు ఈ రూల్స్‌ని తిట్టుకోని రోజు లేదు. ఆ చిరాకు మాకూ ఉంది. కాని మాది ట్రే దగ్గర మొదలయ్యే చిరాకు కాదు. బోర్డింగ్ పాస్ మీద అచ్చయిన పేరు దగ్గర మొదలవుతుంది. కాబట్టి పేరు సంగతి ముందు చెప్పాలి.

మాది తొర్రూరు ప్రాంతం. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీది ఊరు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని మహబూబాబాద్‌లో కలిపారు గాని, ఎవరన్నా అడిగితే మా నోటికి వరంగల్ జిల్లా అనే వస్తుంది. మాకు దగ్గర్లోనే, పర్వతగిరి మండలంలో, అన్నారం షరీఫ్ ఉంది. యాకూబ్ షావలి దర్గా. పిల్లలు కలగనివాళ్లు, పుట్టిన పిల్లలు దక్కనివాళ్లు అక్కడ మొక్కుకుంటారు. మొక్కు తీరితే కందూరు చేసి బిడ్డకు ఆయన పేరే పెట్టుకుంటారు. సాయిబులింట్లో పుడితే యాకూబ్. మాదిగింట్లోనో గొల్లింట్లోనో పుడితే యాకయ్య, యాకమ్మ. రెడ్డింట్లో పుడితే యాకూబ్‌రెడ్డి. కృష్ణ ఒడ్డుకు పోతే జాన్‌పహాడ్ దర్గా పేరు మీద సైదులు, సైదమ్మ ఇట్లాగే ఇంటింటా కనిపిస్తారు.

మతసామరస్యం మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఇదంతా చెప్పట్లేదు. ఆ ఉపన్యాసాలు విని విని మాకు విసుగొచ్చింది. ఒకే దర్గా ఇచ్చిన పేర్లు విమానాశ్రయానికి వచ్చేసరికి రెండు లైన్లుగా ఎట్లా చీలాయన్నదే మా ప్రశ్న.

మన దగ్గర విమానాలు ఎవరివో ముందు చూద్దాం. బేగంపేటలో విమానాలు దిగడం 1930లలో మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో దాన్ని జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపారు. వరంగల్ పక్కన మామునూరులో కూడా నిజాం కాలపు విమానాశ్రయం ఉంది. వాటిలో తిరిగింది నవాబులు, జాగీర్దార్లు, పెద్ద కొలువుల్లో ఉన్నవాళ్లు, డబ్బున్న వర్తకులు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. మా తాతలు మాత్రం లేరు. మా తాతలు దూది ఏకారు, జట్కాలు తోలారు, గడీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపిన షేక్ బందగీ మా పక్క కామారెడ్డిగూడెం రైతు. మానుకోట దగ్గరి సుబ్రవేడులో పుట్టిన షోయబుల్లాఖాన్ 'ఇమ్రోజ్' పత్రికలో రజాకార్లకు ఎదురు రాసి 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లోనే చచ్చిపోయాడు. అయినా ఇవాళ్టికీ మాకు కోపమొస్తే 'రజాకార్ బుద్ధి' అంటారు!

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తర్వాత సాగిన మారణకాండలో చచ్చిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంటబడలేదు. ఎక్కువ చావులు మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో జరిగాయి. భయం మాత్రం అన్ని జిల్లాలకూ వచ్చింది. మరి ప్రధానమంత్రి లాయక్ అలీ? హైదరాబాద్‌లో గృహనిర్బంధంలో ఉన్న ఆ పెద్దమనిషి 1950 మార్చిలో కాపలా కళ్లుగప్పి బొంబాయి చేరి, అక్కడ విమానమెక్కి కరాచీలో దిగాడు. ఎగిరిపోగలిగినవాళ్లు అట్లా ఎగిరిపోయారు. వాళ్ల మీద పడాల్సిన చూపు ఎగరలేక మిగిలిన మా మీద పడింది. తనిఖీలో మా చరిత్ర మెటల్ డిటెక్టర్ కంటే పాతదని మేమనడం ఇందుకే.

ఇప్పుడున్న తనిఖీ ఒక్కసారే పుట్టలేదు. ఒక్కో రూలు వెనక ఒక్కో ఘటన ఉంది. 1971 జనవరిలో 'గంగ' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని శ్రీనగర్ దారిలో లాహోర్‌కు మళ్లించారు. ప్రయాణికులందరినీ తనిఖీ చేసి ఎక్కించే పద్ధతి అమెరికాలో 1973 జనవరిలో మొదలైంది. మన దేశంలో విమాన భద్రతకు ప్రత్యేక విభాగం 1978లో వచ్చింది. 1985 జూన్‌లో 'కనిష్క' విమానం బాంబుతో పేలి 329 మంది చనిపోయాక, 1987లో దాన్ని స్వతంత్ర శాఖగా చేశారు. 1999 డిసెంబరులో కాఠ్మాండూ విమానాన్ని కాందహార్‌కు పట్టుకుపోయిన తర్వాత విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి పోయింది. 2001 డిసెంబరులో ఒకడు బూట్లలో పేలుడు పదార్థం పెట్టుకొచ్చాడు కాబట్టి ప్రపంచమంతా బూట్లు విప్పింది. ఆ రూలును అమెరికా 2025 జూలైలో ఎత్తేసింది. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవాల బాంబు కుట్ర బయటపడింది గనక చేతిసంచిలో 100 మిల్లీలీటర్ల లెక్క వచ్చింది.

వీటిలో చాలా ఘటనల వెనక మా పేర్లవాళ్లున్నారు. దాచేదేం లేదు. కాని అందరూ మావాళ్లే కారు. 1978 డిసెంబరు 20న లక్నో నుంచి ఢిల్లీ పోతున్న విమానాన్ని ఇద్దరు యువకులు హైజాక్ చేసి వారణాసిలో దింపించారు. జైల్లో ఉన్న ఇందిరాగాంధీని వదలాలని వాళ్ల డిమాండ్. వాళ్ల ఆయుధాలు బొమ్మ తుపాకులు, బాంబు అని చూపించిన ఒక క్రికెట్ బంతి. పేర్లు భోలానాథ్ పాండే, దేవేంద్రనాథ్ పాండే. 1980లో ఇద్దరికీ కాంగ్రెస్ టికెట్లు దొరికాయి, ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌లో ఎమ్మెల్యేలయ్యారు. ఆ తర్వాత ఏ విమానాశ్రయంలోనైనా పాండేలను పక్కకు పిలిచి, నువ్వు ఏ పాండేవి అని అడిగారా? అడగలేదు. అడగకూడదు కూడా. మేమంటున్నదీ అదే.

కాందహార్ హైజాకర్లు విమానంలో ఒకరినొకరు మారుపేర్లతో పిలుచుకున్నారు. వాటిలో భోలా, శంకర్ ఉన్నాయి. 2000 జనవరిలో ప్రభుత్వం ఇచ్చిన ప్రకటనలోనే ఈ సంగతుంది. 2024లో ఆ కథ మీద ఒక సీరియల్ వచ్చినప్పుడు, ఆ పేర్లు వినబడి దేశంలో గోల లేచింది. హంతకులకు మా దేవుళ్ల పేర్లా అని బాధపడ్డారు. ఆ బాధ మాకు బాగా అర్థమైంది. ఎందుకంటే మహమ్మద్ పేరు పెట్టుకున్న ప్రతి హంతకుడి వార్త వచ్చినప్పుడు మా ఇళ్లల్లో పడేది ఆ బాధే. మా బాధను పట్టించుకుని ఏ కంపెనీ అయినా సీరియల్ కింద ఒక సవరణ వేసిందా?

మా ప్రాంతం నుంచి మొదట విమానమెక్కిన మామూలు మనుషులు గల్ఫ్ కూలీలు. కరీంనగర్, నిజామాబాద్ అంత కాకపోయినా మా వైపు నుంచి కూడా పోయారు. మొదట్లో రైల్లో బొంబాయి పోయి అక్కడ ఎక్కేవాళ్లు. తర్వాత బేగంపేట, 2008 మార్చి నుంచి శంషాబాద్. వీళ్లకు అడ్డుపడ్డ చట్టం వేరు. 1983 వలస చట్టం ప్రకారం చదువు తక్కువున్నవాడి పాస్‌పోర్టు మీద 'వలస తనిఖీ అవసరం' అనే గుర్తు ఉంటుంది. కూలివాణ్ణి మోసం నుంచి కాపాడటానికే పెట్టారంటారు, ఉద్దేశం మంచిదే. కాని ఆ గుర్తు ఏజెంట్ల పాలిట బంగారు బాతైంది. ఇమిగ్రేషన్ దాటించడానికి వేరే రేటు పెట్టారు, దానికి 'పుషింగ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ లైన్లో యాకయ్య, యాకూబ్ ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అక్కడ అడిగింది పేరు కాదు, పదో తరగతి పాసయ్యావా అని.

దిగిన తర్వాత కూడా అంతే. అరబ్బు దేశంలో మా పేరుకు విలువుంటుందని ఊళ్లో అనుకుంటారు. కఫీల్‌కు మా పేరుతో పనేముంది? పాస్‌పోర్టు గుంజుకుని బీరువాలో పెట్టుకోవడంలో యాకూబుకు మినహాయింపేమీ లేదు. అరబ్బీలో భారతదేశపు మనిషిని 'హిందీ' అంటారు. యాకయ్యా హిందీయే, యాకూబూ హిందీయే. మమ్మల్నిద్దర్నీ ఒకే పేరుతో పిలిచినచోటు దుబాయి!

పేదవాడిగా ఉన్నంతకాలం లైను ఒక్కటే. చదువుకుని, ఇంజనీరై, అమెరికా వీసా తెచ్చుకున్నాక లైను చీలింది. ఎదిగినకొద్దీ మేం మరింత ముస్లింలమయ్యాం, మా ఇష్టంతో కాదు. దీనికి మా కాగితాలు కూడా తోడయ్యాయి. బళ్లో సారు 'ఎండీ' అనో 'ఎస్‌కే' అనో రాసి ఊరుకున్నాడు. రేషన్ కార్డులో మహమ్మద్, ఓటరు కార్డులో మొహమ్మద్, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు. కంప్యూటరుకు కావాల్సింది పోలిక. ఆ పోలిక సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నడీనే వదల్లేదు. జాబితాలో 'టి. కెన్నడీ' ఉందని 2004లో ఆయన్ని పదే పదే ఆపారు. ఆయన పెద్ద అధికారులకు ఫోను చేసుకోగలిగాడు. తొర్రూరు షేక్ యాకూబ్ ఎవరికి ఫోను చెయ్యాలి? 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లకు విజిట్ వీసా మీద ప్రవేశం లేదంది. తర్వాత కొంత సడలించారు. ఇంటిపేరు లేకుండా బతికిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ నాలుగు రోజులు చాలా పొడుగ్గా గడిచాయి.

2009 ఏప్రిల్‌లో ఢిల్లీలో, మినహాయింపు జాబితాలో ఉన్న మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంను ఒక అమెరికన్ విమాన సంస్థ ఆపి ఒళ్లు తడిమింది. జూలైలో పార్లమెంటులో గొడవయ్యాక క్షమాపణ చెప్పింది. 2011లో న్యూయార్క్‌లో ఆయన విమానంలో కూర్చున్నాక కోటు, బూట్లు పట్టుకుపోయి చూశారు. కలాం గొడవ చెయ్యలేదు. ఆయన పేరుతో ఉన్నవాళ్లెవరూ చెయ్యరు, చేస్తే ఏమవుతుందో తెలుసు. 2017 జూన్‌లో విశాఖలో కౌంటరు మూశాక వచ్చిన ఒక తెలుగు ఎంపీ ప్రింటరు ఎత్తి పడేశారని విమాన సంస్థలు ఆయన మీద నిషేధం పెట్టి, తర్వాత ఎత్తేశాయి. జనం నవ్వుకున్నారు. అదే ప్రింటరు ఒక షేక్ చేతుల్లోంచి పడి ఉంటే పెట్టే కేసు ఏదో మీరే ఊహించండి.

న్యాయంగా ఇంకోవైపూ చెప్పాలి. రక్షణమంత్రిగా ఉన్న జార్జి ఫెర్నాండెజ్‌ను అమెరికాలో బట్టలూడదీసి చూశారు. 2010 డిసెంబరులో మన రాయబారి మీరా శంకర్‌ను చీర కట్టుకుందని పక్కకు తీసి తడిమారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, ఇరాన్‌వాడనుకుని, నా దేశం వదిలి పొమ్మంటూ కాల్చి చంపాడొకడు. ముఖం చూసి అనుమానించేవాడు గోత్రం అడగడు. సెక్యులర్ మిత్రులు దీన్ని 'ముస్లింల సమస్య' అన్నప్పుడల్లా మాకు శ్రీనివాస్ గుర్తొస్తాడు.

రూల్స్ అందరికీ ఒకటిగా ఉన్నచోట మాకు తగాదా లేదు. హజ్ నుంచి తెచ్చే జంజం నీళ్లకైనా, ఆవకాయ నూనెకైనా చేతిసంచిలో లెక్క ఒకటే, ఒప్పుకున్నాం. 2019 జూలైలో జిద్దా నుంచి హైదరాబాద్ వచ్చే విమానంలో జంజం డబ్బాలు అసలే తేవద్దని ఎయిరిండియా చెప్పింది. చిన్న విమానం అన్నారు. గోల జరిగాక కొద్ది రోజుల్లోనే క్షమాపణ చెప్పి మానుకున్నారు. అడిగితే మారిన రూలు అది. పేరు చూసి పక్కకు పిలవడం మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. రాయని రూలును మార్చమని ఎవర్ని అడగాలి? 'మామూలు చెకింగే సార్' అనే జవాబుకు అప్పీలు లేదు. మమ్మల్ని వదిలెయ్యమని మేమెప్పుడూ అనలేదు. విమానం పేలితే మేమూ అందులోనే ఉంటాం. పక్కకు పిలిచినప్పుడు ఎందుకు పిలిచారో ఒక కాగితం మీద రాసివ్వమంటున్నాం, అంతే.

2015 జూలై 30న యాకూబ్ మెమన్‌ను ఉరి తీశారు. ఆ వారమంతా టీవీల్లో యాకూబ్, యాకూబ్. హాస్టల్లో ఉన్న మా పిల్లలను ఆ పేరుతో ఏడిపించారు. ఇప్పుడు మా ఇళ్లల్లో బిడ్డ పుడితే పేరు మీద పెద్ద చర్చ. దర్గా పేర్లు షిర్క్ అని తబ్లీగుకు పోయొచ్చిన అన్న అంటాడు. ఆ పేరుతో వీసా ఇబ్బందని సాఫ్ట్‌వేర్ తమ్ముడంటాడు. ఇద్దరూ ఒకరినొకరు ఒప్పుకోరు గాని యాకూబ్ వద్దన్న దగ్గర కలిశారు. అవతల యాకయ్య కొడుకు తన కొడుక్కి సాయి అని, ఆర్యన్ అని పెడుతున్నాడు, పాతపేరు నామోషీ అని. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం మళ్లీ అనుమతిచ్చింది. రన్‌వే పొడిగించి విమానాలు దింపేనాటికి మా వైపు నుంచి పోయి నిలబడే లైన్లో యాకయ్యలెందరుంటారో, యాకూబులెందరుంటారో! అన్నారంలో కందూర్లు మాత్రం ఆగలేదు. మొన్న శుక్రవారం కూడా దర్గా ముందు బండ్లు ఆపడానికి జాగా లేదు.