ఆధార్‌లో భీమవరం

2020 ఏప్రిల్. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పైన మెట్రో స్టేషన్ మూతపడి ఉంది. రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు, మధ్యలో ఒక్క బండి దూరేంత సందు. మీ ముందు పాత స్ప్లెండర్ మీద ఒక లైట్‌మన్.

"యాడికి?"

"ఫిల్మ్‌నగర్ దాకా అండి. మేనేజర్ గారు పాత బేటా ఇస్తానన్నారండి."

"ఆధార్ తియ్."

కానిస్టేబుల్ కార్డు తిప్పి చూస్తాడు. "భీమవరం అనుంది?"

"ఉండేది కృష్ణానగర్‌లోనండి. అద్దె గది."

ఇంటి నుంచి 3 కిలోమీటర్లు దాటొద్దన్నది రూలు. కార్డు ప్రకారం ఇతను మూడొందల కిలోమీటర్లకు పైగా దాటేశాడు. మార్చి మధ్య నుంచి షూటింగుల్లేవు; పాత బాకీ వసూలు అత్యవసరాల జాబితాలోనూ లేదు. స్ప్లెండర్ వెనక్కి తిరుగుతుంది. కానిస్టేబుల్‌నూ అనలేం, చెమటకు మాస్కు తడిసి ముక్కుకు అతుక్కుపోయింది. అతని వెనకున్నది బొంబాయి ప్లేగు నాటి 1897 చట్టం. మొదట్లో నాలుగే సెక్షన్లు. సదుద్దేశంతో పనిచేసిన అధికారిపై కేసు వెయ్యకూడదని రాసుంది. ఆగిపోయినవాడు ఎవరికి మొరపెట్టుకోవాలో మాత్రం లేదు.

ఫిల్మ్‌నగర్ వైపు ఎక్కితే, ఒక బంగళా గేటుకు క్వారంటైన్ స్టిక్కర్. విదేశం నుంచి ఎవరో దిగారు. పాలబ్బాయి ప్యాకెట్లు గోడ మీద పెట్టి వెనక్కి చూడకుండా పోతాడు. రోగం నుంచి కాపాడాల్సిన కాగితం ఇంటిని వెలేసింది. అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కరోనా సోకినవాళ్ల ఇళ్లకు ఇలాంటివి అంటించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది, కాకపోతే డిసెంబర్ 9న.

మే 20. బస్తీ కిరాణా కొట్టు టీవీలో స్క్రోలింగ్: హైకోర్టు తీర్పు. ఫిల్మ్‌నగర్ పక్కనే పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఉన్నా ఇన్నాళ్లూ కరోనా పరీక్షకు సర్కారు చెప్పిన చోటికే పోవాలి. గాంధీకో నిమ్స్‌కో మాత్రమే పొమ్మనడం కుదరదని, ఐసీఎంఆర్ ఆమోదమున్న ప్రైవేటు ల్యాబుకు వెళ్లే హక్కు 21వ అధికరణం ఇచ్చిందేనని జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావు, జస్టిస్ కె. లక్ష్మణ్ తేల్చారు. లాక్‌డౌన్ ఎత్తెయ్యమనలేదు. కట్టడి చేసేవాడు కారణం చూపాలన్నారు, అంతే. నాకు ఆ తేడాయే ముఖ్యమనిపిస్తుంది. చెక్‌పోస్ట్ దగ్గర లైట్‌మన్‌కు దొరకనిది అదే కదా.

"ఇగ పక్కనే చేస్తరన్నమాట" అంటాడు కొట్టాయన, పప్పు తూస్తూ.

చేశారు, జూన్‌లో. సర్కారు కట్టిన ధర 2,200 రూపాయలు. మూడు నెలలుగా బేటా ముఖం చూడని కృష్ణానగర్ గదుల్లో అంత డబ్బు తీసి ఇవ్వగలిగినవాళ్లు ఎందరు? మిగతావాళ్లకు మళ్లీ సర్కారు క్యూయే.